సముద్రం ఒడ్డున పత్తి తీసే మనిషి

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను, రెండో పీరియడ్. "అక్కా, అత్తమ్మ పోయింది" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "సరిగ్గా చూశారా?" వాడికి కోపం వచ్చింది. "అందరం చూశాం, డాక్టరూ చూశాడు, ఇంక నువ్వొచ్చి చూడు" అని పెట్టేశాడు. వాడి తప్పేం లేదు. ఇరవై ఏళ్ళుగా లెక్కల టీచర్ని. ఎవరేం చెప్పినా నిరూపణ అడగడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు వల్ల అందరికన్నా ఎక్కువ మాటలు పడింది మా అత్తమ్మే.

ఆ ఉదయం ఆమె టీ పెట్టుకుని తాగిందట. గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని వాకిట్లో మంచం మీద ఒరిగిందట. టిఫిన్ తినమని మరదలు లేపబోతే లేవలేదు. అరవై నాలుగేళ్ళు. ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అని ఊళ్ళో అందరూ అన్నారు. నాకు మాత్రం ఇంకొన్నాళ్ళు నాచేత చేయించుకుని పోయినా బాగుండేదనిపించింది. నేను ఆమెకి చేసింది చాలా తక్కువ. ఆమె నాకు చేసినది మాత్రం ఈ నాలుగు పేజీల్లో పట్టదు కానీ, ఒక్క బొమ్మ సంగతి చెబుతాను. అది చెబితే ఆమె ఎలాంటి మనిషో మీకే తెలుస్తుంది.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నల్లరేగడి నేల, పత్తి, మిరప. మా అత్తమ్మ పెళ్ళైన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆ ఇంట్లో అందరూ పొద్దెక్కిందాకా పడుకుంటారు, నాకు కుదర్లా" అనేది. అంతకు మించి ఏమీ చెప్పేది కాదు. మా అమ్మ టీచర్ ట్రైనింగ్‌కి వేరే ఊళ్ళో హాస్టల్లో ఉన్నప్పుడు నన్ను పెంచింది ఆవిడే. చేను గట్టు మీద వేపచెట్టుకి చీర ఉయ్యాల కట్టి నన్ను అందులో పడేసి పత్తి తీసేదట. తర్వాత తర్వాత ముప్ఫైమంది ఆడకూలీల ముఠాకి మేస్త్రి అయింది. ఆవిడ ముఠా తీసిన పత్తి అంటే జిన్నింగు మిల్లులో బేరం ఆడకుండా తీసుకునేవాళ్ళు, ఆకు ముక్క ఉండదని. "తెల్లగా పుట్టడం పత్తి గొప్ప. తెల్లగా ఇల్లు చేరడం తీసినోళ్ళ గొప్ప" అనేది.

నలుసు ఏరే ఆ అలవాటు చేలోనే ఆగలేదు. ఎవరి భుజం మీద దారప్పోగు కనిపించినా తీసి పారేసేది. ఆదివారం చర్చిలో వాక్యం జరుగుతుంటే ముందు వరస వాళ్ళ వీపుల మీద ఆవిడ వేళ్ళు తిరుగుతుండేవి. ఒకసారి గుమ్మం దగ్గర పాస్టరుగారు చెయ్యి కలిపి "దేవుడు దీవించును గాక" అంటుంటే, ఆ చెయ్యి అలాగే పట్టుకుని రెండో చేత్తో ఆయన కోటు మీద నూలు తీసింది. ఆయన ఆగి, తీయడం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి దీవించాడు.

పత్తికాయ తొనల మొనలు ముళ్ళలా గట్టిగా ఉంటాయి. ఏళ్ళ తరబడి అవి గుచ్చుకుని గుచ్చుకుని ఆవిడ కుడి చూపుడు వేలి గోరు మధ్యకి చీలిపోయింది. కత్తిరించినా మళ్ళీ రెండు ముక్కలుగానే పెరిగేది. నేను చిన్నప్పుడు అది చూసి అందరికీ ఇరవై గోళ్ళైతే మా అత్తమ్మకి ఇరవై ఒకటి అని లెక్క చెప్పేదాన్ని.

పత్తిచేలో ఒక నియమం ఉంది. ఒక్కొక్కరు ఒక్కో సాలు పట్టుకుని తీసుకుంటూ పోవాలి. ఎవరి సాల్లో పత్తి వాళ్ళ ఒడిలోకే. ఒడి అంటే నడుముకి కట్టుకునే గుడ్డ, తీసిన పత్తి అందులో వేసుకుంటారు. పక్క సాలు చెట్టు కొమ్మ ఇటు వాలినా, కాయ విచ్చుకుని చేతికి తగులుతున్నా సరే, ముట్టుకోకూడదు. నాకు పదేళ్ళప్పుడు సెలవుల్లో ఆవిడ వెంట వెళ్ళి, పక్క సాల్లో బాగా విచ్చిన కాయ ఒకటి కనిపిస్తే తీసి ఒళ్ళో వేసుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. మూడు సాళ్ళ అవతల నుంచి వినిపించింది.

"అమ్మాయ్, ఆ కాయ ఎవరిది?"

"కొమ్మ ఇటే ఉంది అత్తమ్మా."

"కొమ్మ సంగతి కాదు. మొదలు యాడుందో చూడు."

మొదలు పక్క సాల్లోనే ఉంది. ఇప్పుడు నా ఒడిలో పత్తంతా ఒకేలా ఉంది, అందులో ఆ కాయ పత్తి ఏదో ఎలా తెలుస్తుంది అన్నాను. లెక్కల తెలివి అప్పటికే మొలకెత్తింది. "తెలవకపోతే గుప్పెడు తీసి ఇయ్యి" అంది. ఒక్క కాయకి గుప్పెడు పత్తి పోయింది. నేను మూతి ముడుచుకుంటే, "పక్క సాల్లో చెయ్యి పెడితే అంతే. తీసినదానికన్నా పొయ్యేదే ఎక్కువ" అని తన సాల్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట తర్వాత నా క్లాసులో కాపీ కొట్టిన పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎవరి మాటో మాత్రం చెప్పలేదు.

ఇంక బొమ్మ సంగతి.

నాకు పది నెలల వయసప్పుడు, అత్తమ్మ తీతకెళ్ళే చేను రైతుగారికి బొమ్మలు చేసే బంధువు ఒకాయన ఉంటే, పత్తి తీతల రోజుల్లో మా ఊరొచ్చాడట. గొడుగు పట్టుకుని గట్టు మీద కూర్చుని పొద్దంతా కాయితాల మీద గీసుకున్నాడట. ఆ తర్వాత రెండేళ్ళకి, ఆయన చేసిన పత్తి తీసే మనిషి బొమ్మని విశాఖలో సముద్రం ఒడ్డున నిలబెట్టారని రైతుగారు వచ్చి చెప్పారు. అది తనేనని మా అత్తమ్మ.

ఆవిడ చెప్పే తీరు ఎప్పుడూ ఒకటే. "మంచు ఆరింది. సాలు పట్టా. 'అమ్మా, నువ్వు అట్టాగే నిలబడు' అన్నాడు. నిలబడ్డా. కాయ మీద చెయ్యేసి అట్టాగే. చీమ కుట్టినా కదల్లా." ఒక్క ముక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఊళ్ళో ఆవిడకి 'విశాఖ బొమ్మ' అని పేరు పడిపోయింది. "ఏం విశాఖ బొమ్మా, రేపు తీతకి ఎంతమంది?" అని రైతులు అడిగితే నవ్వుతూ పలికేది. ఆ పేరంటే ఆవిడకి ఇష్టం. తనదంటూ ఒక్క సెంటు నేల లేని మనిషికి, పెద్ద పట్నంలో సముద్రం ముందు నిలబడే చోటు ఉందనుకోవడం చిన్న సంగతి కాదు.

నేనొక్కదాన్నే నమ్మలేదు. చదువుకున్నదాన్ని కదా. ఫోన్ చేతికొచ్చాక వెతికాను, అలాంటి బొమ్మ ఎక్కడా కనపడలేదు. "ఇంటర్నెట్‌లో లేదు అత్తమ్మా" అన్నాను. "ఆ రోజు మన చేలోకి ఇంటర్నెట్ వచ్చిందా ఏంది?" అంది. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఒంగోల్లో మేం ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టుకున్న రోజు మాత్రం నేను హద్దు దాటాను. మా స్కూలు టీచర్లందరూ వచ్చారు. టీలు తాగుతూ అత్తమ్మ ఆ కథ ఎత్తుకుంది. వాళ్ళు శ్రద్ధగా వింటున్నారు. నాకెందుకో నామోషీ అనిపించి, "మా అత్తమ్మ కథలు బాగా చెబుతుంది లెండి" అన్నాను. వాళ్ళు నవ్వారు. ఆవిడ చెప్పడం ఆపేసింది. సగం తాగిన టీ గ్లాసు తీసుకెళ్ళి పెరట్లో కడిగి బోర్లించింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు నా ముందు ఆ కథ ఎత్తలేదు. మూడేళ్ళకి గానీ నేను గమనించలేదు. గమనించాక అడగడానికి మొహం చెల్లలేదు. ఒక మనిషి జీవితమంతా చెప్పుకున్న ఒక్క మాటని నా గుమ్మంలో నేనే కొట్టేశాను. నోటితో కొట్టేసిన దాన్ని నోటితో తిరిగి నిలబెట్టలేం, వెళ్ళి చూడాల్సిందే అనుకున్నాను.

రెండేళ్ళ క్రితం దసరా సెలవుల్లో విశాఖ బయల్దేరాం. నేను, మా ఆయన, ఇంటర్ చదివే మా అమ్మాయి, అత్తమ్మ. ఆవిడకి నేను సంగతి చెప్పలేదు, "సముద్రం చూసొద్దాం" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, "సముద్రం కొత్తపట్నంలో చూశాగా. ఇదీ అదే ఉప్పేగా" అంది. తర్వాత లోపలికెళ్ళి ఇస్త్రీ చీర ఒకటి సంచిలో పెట్టుకుంది. ఏం చూడబోతున్నామో ఆవిడకి తెలుసు. రైల్లో ఆ మాట నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. పులిహోర మాత్రం నలుగురం బాగా తిన్నాం.

మర్నాడు పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడక మొదలెట్టాం. బొమ్మలకి కొదవలేదు. చెయ్యెత్తిన వాళ్ళు, పుస్తకం పట్టుకున్న వాళ్ళు, చేపలు, పడవలు. ఒక్కోదాని దగ్గరా మా ఆయన ఆగి పలక చదువుతున్నాడు, అత్తమ్మ ఆగకుండా పోతోంది. సముద్రం వైపు తల కూడా తిప్పలేదు. గంట గడిచింది. ఎండెక్కింది. నాకు లోపల భయం మొదలైంది. బొమ్మ లేకపోతే ఏం చెయ్యాలి? ఇంత దూరం తీసుకొచ్చి, నువ్వు చెప్పింది అబద్ధమని చూపించి తీసుకెళ్ళినట్టు అవుతుంది. నా నిరూపణ పిచ్చి మీద నాకే కోపం వచ్చింది. ఆవిడ మాత్రం తడబడలేదు. మొక్కజొన్న కండెలు కాల్చే ఆవిడ దగ్గర ఆగి, "అమ్మా, ఇక్కడ పత్తి తీసే మనిషి ఉండాల, యాడ?" అని అడిగింది. చుట్టం ఇల్లు అడిగినట్టు అడిగింది. ఆమె విసనకర్ర ఊపడం ఆపకుండా, "ఆ పార్కు మూల మీద, కొబ్బరిచెట్ల ఎనకాల" అంది.

బొమ్మ ఉంది.

మనిషికి ఒకటిన్నర ఎత్తు, నల్లరంగు వేసిన సిమెంటు బొమ్మ. ఉప్పుగాలికి అక్కడక్కడ పెచ్చులు లేచాయి. చుట్టూ మోకాలెత్తు గొలుసు. తలకి గుడ్డ, ఒంటికి మగవాళ్ళ చొక్కా, నడుముకి నిండుగా ఒడి, ముందుకి చాచిన చెయ్యి. వెనక సముద్రం. మా అమ్మాయి పరిగెత్తి వెళ్ళి ఆవిడని వాటేసుకుంది. "అత్తయ్యగారూ, కేసు మీరే గెలిచారు" అన్నాడు మా ఆయన. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలో ప్రేమ కన్నా సిగ్గే ఎక్కువ. ముక్కు మొహం ఆవిడలా లేవు, సినిమా మొహంలా ఉంది. అయినా సరే, మొహాలు మార్చడం బొమ్మ చేసేవాళ్ళ ఇష్టం అనుకున్నాను.

అత్తమ్మ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. రెండోసారి తిరుగుతూ వెనక ఆగిపోయింది. గొలుసు పట్టుకుని వంగి మడమల దాకా చూసింది. తర్వాత మా వైపు తిరిగి, "ఇది నేను కాదు" అంది.

"మరెవరు?" అంది మా అమ్మాయి.

"ఇది శాంతమ్మ" అంది.

శాంతమ్మ ఎవరో నాకు లీలగానే తెలుసు. అత్తమ్మతో పాటు తీతలకి వెళ్ళిన స్నేహితురాలు. నేను ఒకటో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి పోయింది. నాకన్నా ఏడాది పెద్ద కూతురు ఒకతి ఉంది. అంతే.

మీరిక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. పత్తిచేలో మొహాలు కనపడవు. ముప్ఫైమంది ఆడవాళ్ళు తలగుడ్డలు, చొక్కాలు వేసుకుని వంగి ఉంటే మీకూ నాకూ అందరూ ఒకటే. అత్తమ్మ మాత్రం దూరం నుంచి వీపులు చూసి పేర్లు చెప్పేది. ఒడి ముడి ఎటు వేసింది, నడుం ఎలా వంచింది, పాదం ఎలా మోపింది, అదే ఆవిడకి గుర్తు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు వాదనకి దిగాను. ఇన్నాళ్ళూ ఆవిడ కాదని వాదించినదాన్ని, ఇప్పుడు ఆవిడేనని.

"ఇన్నాళ్ళూ నువ్వేనన్నావుగా అత్తమ్మా."

"అన్నా. ఇప్పుడు చూశా. ఆ చాచింది ఏ చెయ్యి?"

"ఎడమ."

"నాది ఏ వాటం?"

"కుడి. అయితే ఏం? చూడ్డానికి బాగుంటుందని చెయ్యి మార్చాడేమో."

"చెయ్యి మారుస్తాడు. ముడి కూడా మారుస్తాడా? కుడిచేత్తో తీసేవాళ్ళు చెయ్యికి అడ్డం రాకుండా ముడి ఎడం పక్కకి తెచ్చుకుంటారు. ఇది చూడు, కుడి పక్కకుంది. ముడి సంగతి ఆయనకేం తెలుసు? పత్తి తీశాడా ఏమన్నానా? చూసింది చూసినట్టు చేశాడు. ఆ కుడి మడమ చూడు, నేలకి ఆనిందా? దానికి మడమలో ఆనెకాయ ఉండేది. ఎప్పుడూ ఎత్తే నిలబడేది."

నా ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత శుభ్రమైన నిరూపణ నేను చూడలేదు. చెయ్యి మార్చడానికి కారణం ఉండొచ్చు, ముడి మార్చడానికి ఉండదు. 

"మరి నువ్వు నిలబడలేదా?" అని అడిగింది మా అమ్మాయి.

"నిలబడ్డా. అబద్ధం ఆడలేదే తల్లీ. ముందు నిలబడింది నేనే. ఆయన గీస్తా ఉండగా మీ అమ్మ ఉయ్యాల్లో గుక్కపట్టింది. 'శాంతీ, కాసేపు నువ్వు నిలబడవే' అని చెప్పి పాలు పట్టడానికి పొయ్యా. మీ అమ్మ సీసా వదిల్తేగా. తిరిగొచ్చేసరికి ఆయన కాయితాలు సర్దుకుంటన్నాడు. ముందు నిలబడింది నేనే గదా, నాదే చేసుంటాడులే అనుకున్నా."

మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఇరవై ఏళ్ళు ఆవిడని నిరూపించమని నిలదీసిన నేను, ఆ రోజు ఉయ్యాల్లో ఏడవకుండా ఉంటే ఆ బొమ్మ మా అత్తమ్మే అయ్యేది.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. లెక్కల టీచరు అనకూడని మాట. "ఎవరికి తెలుసు అత్తమ్మా? బొమ్మ ఉంది, ఫోటో తీసుకుందాం. ఊళ్ళో నువ్వేనని చెబుదాం. శాంతమ్మ లేదుగా."

ఆవిడ నన్ను పదేళ్ళప్పుడు చూసినట్టు చూసింది. "గుప్పెడు పత్తి కక్కించా, గుర్తులేదా? శాంతమ్మ లేకపోతే దాని సాలు నాదైపోద్దా?" అంది. ఆ మాట కోపంగా కూడా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పి, గొలుసు దాటి, బొమ్మ పాదాల దగ్గర గాలికి కొట్టుకొచ్చి ఇరుక్కున్న ప్లాస్టిక్ సంచీ ముక్క, ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ పైకి చూసి, "ఏమే శాంతీ, బతికినన్నాళ్ళూ తలెత్తి ఒక మాట మాట్లాడలా. ఎంత ఎత్తున నిలబెట్టాడే నిన్ను" అంది. ఆవిడ మొహంలో పోగొట్టుకున్న దిగులు కోసం వెతికాను. కనపడలేదు. సంతోషం దాచుకోలేనట్టు నవ్వుతోంది.

ఫోటో తీయమంది. మా ఆయన ముందుకెళ్ళి నిలబడితే, "ఆ మొహం ఎవరిదో మనకెందుకు, ఇటు రా అబ్బాయ్" అని వెనక్కి పిలిచింది. వెనక నుంచి తీయించింది. "ఇదిగో, ఈ ముడి పడాల. మడమ పడాల" అని పక్కన నిలబడి చెయ్యి పెట్టి చూపిస్తూనే ఉంది. "వేలు తియ్యండి అత్తయ్యగారూ, ఫోటోలో పడుతుంది" అని ఆయన, తీసి మళ్ళీ పెడుతూ ఆవిడ. అలా పదో పన్నెండో తీశాడు. ఎవరో టూరిస్టులు ఆగి, బొమ్మ వీపుని ఇంత శ్రద్ధగా ఫోటో తీసేవాళ్ళని ఎప్పుడూ చూడనట్టు చూసి వెళ్ళారు.

తర్వాత సముద్రం దగ్గరికి వెళ్ళాం. నీళ్ళలో నిలబడి ఉన్నప్పుడు, "ఇన్నాళ్ళూ నిన్ను నమ్మలేదు అత్తమ్మా, తప్పయింది" అన్నాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అల చూస్తూ, "నువ్వు నమ్మకపోబట్టే గదా వచ్చాం. నమ్మితే ఇంట్లోనే కూసునేవాళ్ళం. శాంతి ఇక్కడుందని నాకెట్టా తెలిసేది?" అంది. నా తప్పుని కూడా ఎక్కడో ఒకచోట పనికొచ్చేలా చేసి నా చేతిలో పెట్టింది.

ఊరు చేరిన ఆదివారం చర్చి అయిపోయాక, అందరూ చెప్పులు వేసుకుంటుంటే గట్టిగా చెప్పింది. "ఇదుగో అందరూ ఇనండి. విశాఖలో ఉంది నేను కాదు. శాంతమ్మ. ఇకమీదట నన్ను ఆ పేరుతో పిలవమాకండి." నలభై ఏళ్ళుగా మోసిన పేరు అంత తేలిగ్గా దించేసింది. ఒకాయన, "అయితే ఇన్నాళ్ళూ మాకు కోతలు కోశావన్నమాట" అని ఎగతాళి చేశాడు. "కోశా. ఇప్పుడు కుప్పేసి ఎవరిది వాళ్ళకి పంచుతున్నా" అంది. 

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని చిలకలూరిపేట బస్సెక్కింది. శాంతమ్మ కూతురు అక్కడ స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తుంది. మిల్లు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ఫోటోని మా ఆయన ఒక స్టూడియోలో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి పంపాడు, పేపర్లో చుట్టి ఉంది. షిఫ్టు దిగి అప్పుడే వచ్చిందేమో, ఆమె జుట్టు మీద ఇంకా నూలు ఉంది. అత్తమ్మ లోపలికి అడుగు పెడుతూనే ఆ నూలు ఏరడం మొదలుపెట్టి, ఏరుతూనే సంగతంతా చెప్పింది.

ఆమె పేపరు విప్పింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. తల్లి పోయినప్పుడు ఏడేళ్ళ పిల్ల. తల్లిది ఒక్క ఫోటో లేదు. మొహం కూడా లేని ఫోటో తెచ్చి ఇచ్చామేమిటి, ఏమనుకుంటుందో అని నాకు బెరుగ్గా ఉంది. ఆమె ఫ్రేముని మోకాళ్ళ మీద నిలబెట్టుకుని చూస్తూ ఉంది.

"అమ్మ మొహం నాకు గుర్తులేదు పెద్దమ్మా" అంది చివరికి. "ఎంత గుర్తు తెచ్చుకున్నా రాదు. చేనుకి పోతా అమ్మ ముందు నడిచేది, నేను ఎనకాల. ఎప్పుడూ ఎనకాలే. నాకు గుర్తున్నది ఇదే."

మా అత్తమ్మ ఏడవడం నేను రెండుసార్లు చూశాను. మా నాన్న పోయినప్పుడు ఒకసారి, ఆ రోజు ఒకసారి.

పోయిన నెల అత్తమ్మని సమాధి చేసిన రోజు శాంతమ్మ కూతురు వచ్చింది. రాత్రి షిఫ్టు చేసి, నిద్ర లేకుండా నేరుగా వచ్చింది. పెట్టె మూసే ముందు వంగి, అత్తమ్మ చీర కొంగు మీద నించి ఏదో తీసింది. నలుసేమో. లేక అక్కడ ఏమీ లేదేమో. నేను దగ్గర్నుంచే చూశాను కానీ అడగలేదు. నాకు ఆ మాత్రం మార్పు వచ్చింది.

వారం తర్వాత జ్ఞాపకార్థ కూటానికి పిలవడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. ఆ ఫోటో తలుపుకి ఎదురుగా గోడ మీద ఉంది. ఆ రోజు ఆమె మొహం చూస్తూ ఫోటో సరిగ్గా చూడనేలేదు. ఇప్పుడు దగ్గరికెళ్ళి చూశాను. నల్లటి వీపు, నిండు ఒడి, ఎత్తిన మడమ, అవతల సముద్రం. మా ఆయన పదీ పన్నెండు తీసి, ఏది పంపాడో చూసుకున్నట్టు లేదు.

ఫ్రేము కుడి అంచు నుంచి ఒక వేలు లోపలికి చాచి ఉంది. గోరు మధ్యకి చీలి రెండుగా ఉంది. ముడి వైపు వెళ్ళి, ముడికి కాస్త ఇవతలే ఆగింది. చూపిస్తోంది, ముట్టుకోవడం లేదు.